ఏడంగుళాల భవాని, తొమ్మిదంగుళాల భవాని

ఆ శుక్రవారం పొద్దున్న లోవరాజు, అతని అత్తగారు అచ్చాయమ్మ ఒకే పని మనసులో పెట్టుకుని నిద్ర లేచారు. తొమ్మిది కొట్టేలోగా కువైట్‌కి మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండో మనిషికి తెలియకుండా ఇవ్వాలి.

లోవరాజు భార్య భవాని మూడేళ్ళ కిందట కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసే పనికి వెళ్ళింది. వెళ్ళేనాటికి కూతురు శిరీషకి రెండేళ్ళు. మనవరాలిని చూసుకోవడానికి అచ్చాయమ్మ కాట్రేనికోనలో అల్లుడి ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు శిరీషకి ఐదేళ్ళు. గోడ మీద ఫోటోలో ఒక అమ్మ, ఫోన్లో ఒక అమ్మ ఉన్నారని దాని నమ్మకం. ఇద్దరూ ఒకరేనని ఎంత చెప్పినా ఒప్పుకోదు.

"ఫోటో అమ్మ మాటాడదు కదా. ఫోను అమ్మకి మొహం లేదు కదా" అంటుంది.

ఈ మాట తెలిసి భవాని అక్కడ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తన మేడమ్ కొడుకుని బతిమాలి, వాళ్ళ కెమెరాతో అరగంట సేపు తన బొమ్మ తీయించుకుంది. నడవడం, నవ్వడం, రొట్టెలు చెయ్యడం, "శిరీషమ్మా" అని పిలవడం, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని డిస్కులోకి ఎక్కించారు. ఆ డిస్కు వేసుకు చూడ్డానికి కాట్రేనికోనలో ఏమీ లేదు గనక, పుస్తకంలా మడిచిపెట్టే చిన్న డీవీడీ ప్లేయరు ఒకటి కొని, సెలవుకు వస్తున్న ముక్తేశ్వరం దొరబాబు చేత పంపిస్తానంది.

ఆమెకు అందుబాటులో ఉన్నవి రెండే కనిపించాయి. ఒకటి ఏడంగుళాల తెర. బ్యాటరీ ఉంది, కరెంటు లేకపోయినా రెండు గంటలు ఆడుతుంది. రెండోది తొమ్మిదంగుళాల తెర. బ్యాటరీ లేదు గానీ బొమ్మ పెద్దది. ఉత్తరాలు, కథల పుస్తకాల పేజీలు ఫోటోలు తీసి పంపిస్తే అక్షరాలు కుంకుడుకాయలంతేసి కనిపిస్తాయి.

"మీరిద్దరూ అనుకుని చెప్పండి. వచ్చే శుక్రవారం పొద్దున్న బజారుకెళ్తాను, ఆ సాయంత్రమే దొరబాబన్నయ్య విమానం. అక్కడ తొమ్మిదయ్యేలోగా ఒక మిస్డ్ కాల్ ఇస్తే చిన్నది కొంటాను, రెండిస్తే పెద్దది కొంటాను" అంది భవాని.

ఇద్దరూ అనుకోవడానికి వారం రోజులుంది. వారమంతా మర్యాదలతోనే గడిచిపోయింది.

"ఏది తెప్పిద్దామండి అత్తయ్యగారూ?"

"నాదేవుంది బాబూ, మీ ఇష్టం."

"అబ్బే, మీరు పెద్దవారు. మీరెలాగంటే అలాగేనండి."

"ముసల్దాన్ని, నాకేం తెలుస్తాది? మీకేది బాగుంటే అదే. ఆయ్."

నిజానికి లోవరాజుకి చిన్నదే కావాలి. దాన్ని దోమతెరలోకి పట్టుకెళ్ళవచ్చు. పిల్ల పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక, గుండెల మీద పెట్టుకుని, మూడేళ్ళుగా చూడని పెళ్ళాన్ని ఒక్కడూ చూసుకోవచ్చు. ఈ కారణం అత్తగారికి చెప్పే భాష ఇంకా పుట్టలేదు.

అచ్చాయమ్మకి పెద్దది కావాలి. పిల్లదానికి తిండి పెడుతున్నారో లేదోనని మూడేళ్ళుగా ఆవిడ భయం. "బానే తింటున్నానే అమ్మా" అని ఫోన్లో ఎవరైనా అంటారు. చిన్న తెరలో అందరూ సన్నగానే కనబడతారు కదా, పిల్ల నిజంగా చిక్కిందో, తెర చిన్నదవడం వల్ల అలా ఉందో తేలేదెలా? చెంపల దగ్గర ఎముకలు కనబడేంత పెద్ద బొమ్మ కావాలి ఆవిడకి. ఇది చెబితే అల్లుడు నొచ్చుకుంటాడు. పెళ్ళాన్ని పంపి బతుకుతున్నాడని అత్తగారు దెప్పినట్టు ఉంటుంది.

ఎనిమిదీ పదికి లోవరాజు పంపు దగ్గర స్నానం చేస్తుండగా అచ్చాయమ్మ బీరువా మీద ఉన్న సెల్లు తీసింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సెల్లే. దేవుడికి దణ్ణం పెట్టి, ఒకసారి మోగనిచ్చి కట్ చేసింది. మళ్ళీ దణ్ణం పెట్టి, ఇంకోసారి మోగనిచ్చి కట్ చేసింది. రెండు.

ఎనిమిది ముప్పావుకి ఆవిడ పెరట్లో శిరీషకి జడ వేస్తుండగా లోవరాజు సెల్లు తీశాడు. ఒకసారి మోగనిచ్చి కట్ చేశాడు. ఒకటి. అత్తగారు తరవాత వచ్చి రెండిచ్చేస్తే తన దోమతెర కల కరిగిపోతుంది. అందుకని సెల్లు ఆఫ్ చేసి చొక్కా జేబులో వేసుకుని, జొన్నాడ వెళ్ళే కొబ్బరికాయల లారీకి లోడు ఎత్తడానికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఒకటి చిన్నదానికి, రెండు పెద్దదానికి అన్నది భవాని పెట్టిన లెక్క. అంతకు మూడేళ్ళ ముందే అచ్చాయమ్మ పెట్టిన లెక్క ఇంకొకటుంది. కూతురు విమానం ఎక్కే రోజున చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: "మూడు మిస్డ్ కాల్స్ వచ్చాయంటే ఇంట్లో ఏదో ఘోరం జరిగిందని గుర్తు. మేం మాటాడే స్థితిలో ఉండవు. ఏవీ అడక్కుండా బయల్దేరిపో." మూడేళ్ళలో ఆ మూడు మోగే అవసరం రాలేదు. రాకపోవడం చూసి కూడా అచ్చాయమ్మ భయపడేది, ఇంత కాలం ఏవీ జరగలేదంటే పెద్దదేదో రాబోతోందని.

కువైట్‌లో భవాని బజారుకు తయారై సెల్లు చూసుకుంది. ఇంటి నంబరు మూడుసార్లు ఉంది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. స్విచాఫ్. పదిసార్లు చేసింది. పదిసార్లూ స్విచాఫ్. ఎదురింటి పాపాయమ్మ సెల్లుకి చేసింది.

పాపాయమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. సెల్లు చెవిన పెట్టుకుని వీధిలోకి వచ్చి చూసి, చూసింది చూసినట్టు చెప్పింది.

"ఇంటికి తాళం వేసుందమ్మా."

"ఏమైంది పిన్నిగారూ? అందరూ ఎక్కడికెళ్ళేరు?"

"మీ అమ్మగారు పిల్లని భుజానేసుకుని ఆటోలో అమలాపురం ఆసుపత్రికెళ్ళేరమ్మా. నేను పలకరిస్తే మాట్టాడలేదు. కళ్ళంట నీళ్ళు."

"ఆయన?"

"ఆయన లారీలో పడుకుని ఉండగా చూసేనమ్మా, ఇందాక. లేవలేదు."

ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. జడ వేస్తుండగా శిరీష రెండుసార్లు తుమ్మింది. తల్లి లేని పిల్ల, ఆ తుమ్ము ఏ జబ్బుకి మొదలో అని అచ్చాయమ్మ ఆసుపత్రికి బయల్దేరింది. అల్లుడికి తెలియకుండా పెద్దది చెప్పేశానన్న పాపం కళ్ళలో నీళ్ళు తెప్పిస్తే, ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కింది. లోవరాజు సంగతంటారా, లారీ కదిలేలోగా, లోడు ఎత్తి అలిసిపోయి కొబ్బరికాయల మీద కండువా పరుచుకుని కునుకు తీశాడు.

డాక్టరు శిరీష నోట్లో లైటు వేసి చూసి, "పిల్లకేం లేదమ్మా. మీకే బీపీ ఉన్నట్టుంది" అన్నాడు. అయినా ఉత్త చేతులతో పంపితే ఈవిడ సాయంత్రం మళ్ళీ వస్తుందని, తియ్యటి సిరప్ ఒకటి రాసిచ్చాడు.

సాయంత్రం ఆరింటికి లోవరాజు తిరిగొచ్చి సెల్లు ఆన్ చేశాడు. శుక్రవారం ఏడింటికల్లా భవాని ఫోన్ చేస్తుంది. ఏడయింది. ఏడున్నరయింది. ఇద్దరూ సెల్లుకి చెరోపక్కా కూర్చుని, దాన్ని చూడనట్టు నటించారు. ఎనిమిదింటికి లోవరాజు తనే చేశాడు. స్విచాఫ్.

"అదెప్పుడూ ఆపదు బాబూ" అంది అచ్చాయమ్మ. "బజారు కెళ్తానంది. అక్కడ కార్లు ఎలా పోతాయో ఏవిటో. రోడ్డు దాటుతూ..."

"ఊరుకోండి అత్తయ్యగారూ. ఛార్జింగ్ అయిపోయుంటాది."

అప్పుడే గుమ్మంలో పాపాయమ్మ చేతిలో బత్తాయిల సంచితో కనబడింది.

"పాపకెలా ఉందండి? లోవరాజుగారూ, మీరు లేచేరా? అమ్మయ్య. మధ్యాహ్నం భవాని ఫోన్ చేసి ఒకటే ఏడుపండి బాబూ."

"ఎందుకండీ?" అన్నాడు లోవరాజు.

"మూడు మిస్డ్ కాల్స్ వచ్చేయంట కదండీ."

లోవరాజు నేల చూశాడు. అచ్చాయమ్మ కప్పు చూసింది.

"నేను ఒక్కటే ఇచ్చేనండి" అన్నాడు లోవరాజు, చాలా మెల్లగా.

"నేను రెండిచ్చేను బాబూ" అంది అచ్చాయమ్మ, ఇంకా మెల్లగా.

"మీకు చిన్నది ఇష్టమనుకున్నానండి."

"మరి నాకిష్టమైందే మీకూ ఇష్టమన్నారు కదా బాబూ."

"అలా అన్నానండి. ఆయ్."

పాపాయమ్మకి ఈ చిన్నదీ పెద్దదీ ఏమిటో అర్థం కాలేదు. బత్తాయిలు వెనక్కి పట్టుకెళ్ళడం బాగుండదని బల్ల మీద పెట్టి, ఇంట్లో రోగి ఎవరో తేలకుండానే వెళ్ళిపోయింది.

ఆ పైన అచ్చాయమ్మ మనసు ఆగలేదు. ఘోరం జరిగిందనుకుని ఆ పిల్ల ఏం చేసుకుందో? కళ్ళు తిరిగి పడిపోయిందేమో? పరాయి దేశంలో మంచినీళ్ళు ఇచ్చేదెవరు? మర్నాడు దొరబాబు దిగుతాడు, అతన్ని అడిగితే సంగతి తెలుస్తుంది. హైదరాబాదు నుంచి వ్యాను ముక్తేశ్వరం చేరేసరికి సాయంత్రమవుతుందని తెలిసినా, పొద్దున్న పదింటికే ముగ్గురూ ఆటోలో దొరబాబు ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. దొరబాబు భార్య మూడుసార్లు కాఫీ ఇచ్చింది. మూడో కాఫీకి ఆమెకూ భయం పట్టుకుంది.

నాలుగింటికి వ్యాను వచ్చింది. పైన కట్టిన పెట్టెలు, లోపల ఇరుక్కున్న ఏడుగురు. మొదట దొరబాబు దిగాడు. అతని మొహం చూసి అచ్చాయమ్మ శిరీషని దగ్గరకు లాక్కుంది. చావు కబురు మోసుకొచ్చే మనిషి మొహమది. అతనూ వాళ్ళ ముగ్గుర్నీ చూసి, దెయ్యాల్ని చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు... అందరూ బానే ఉన్నారేవిటండీ?" అన్నాడు.

అతని వెనక నుంచి, నలిగిన చీరలో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో భవాని దిగింది.

కువైట్‌లో పాపాయమ్మ మాటలు విన్న భవాని కూలబడిపోతే, మేడమ్ తనూ తల్లే గనక వెంటనే కదిలింది. దొరబాబు విమానంలోనే టికెట్ తీయించింది. ప్లేయరు కోసం భవాని దాచిన డబ్బు, అది చాలక మేడమ్ అప్పటికప్పుడు ఇచ్చిన డబ్బు, అంతా టికెట్‌కే అయిపోయింది. విమానాశ్రయంలో భవాని మళ్ళీ ఇంటికి ఫోన్ చేయబోతే దొరబాబే ఆపాడు. "వద్దమ్మా. ఏం విన్నా దారంతా తట్టుకోలేవు. ఇంటికెళ్ళి చూద్దువుగాని" అని సెల్లు ఆఫ్ చేయించి తన సంచిలో పెట్టుకున్నాడు. పెద్దరికం చూపించాలంటే అంతకన్నా మంచి అవకాశం అతనికి అంతకు ముందు దొరకలేదు.

"ఎవరికేమైందే అమ్మా?" అంది భవాని.

"ఎవరికీ ఏవీ అవలేదే" అంది అచ్చాయమ్మ.

"మరి మూడు?"

జవాబు చెప్పాల్సిన ఇద్దరూ ఒకరినొకరు ముందుకు నెట్టుకున్నారు. చివరికి లోవరాజే చెప్పాడు. దోమతెర సంగతి మాత్రం చెప్పలేదు. అంతా విని భవాని వ్యాను మెట్టు మీదే కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో అచ్చాయమ్మకి తెలియలేదు. ఆవిడ చూపంతా కూతురి చెంపల మీదే ఉంది. చిక్కింది. తను అనుకున్నంతా చిక్కింది.

"డిసెంబర్లో రెండు నెలలు సెలవన్నావు కదే?" అంది ఉన్నట్టుండి.

"ఆ సెలవే అమ్మా ఇది. ఇప్పుడు వాడేసేను. పన్నెండు రోజులిచ్చేరు" అంది భవాని.

అందరూ ఇంటికి వెళ్ళే ఆటో ఎక్కారు. లోవరాజు ఒకసారి వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టి, మళ్ళీ వేళ్ళు విప్పేసి, చెయ్యి భవాని సీటు వెనక పెట్టుకున్నాడు. శిరీష అమ్మమ్మ చీరలోకి దూరిపోయి, మధ్య మధ్య ఒక కన్ను బయటపెట్టి చూసింది.

మొదటి రెండు రోజులూ అది తల్లి దగ్గరికి వెళ్ళలేదు. అన్నం పెట్టబోతే పరిగెత్తింది. మూడో రోజు పొద్దున్న తండ్రి చొక్కా పట్టుకుంది.

"అమ్మకి ఫోన్ చెయ్యండి నాన్నా. మనింటికి ఎవరో ఆంటీ వచ్చి, వెళ్ళట్లేదని చెప్తాను."

లోవరాజు సెల్లు కేసి, భవాని కేసి చూశాడు. భవాని మాత్రం లేచి, వీధి దాటి, పాపాయమ్మ సెల్లు అడిగి తీసుకుంది. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసింది.

"శిరీషమ్మా!"

"అమ్మా! మనింట్లో ఎవరో ఆంటీ ఉంది."

"ఎలా ఉంటాదమ్మా?"

"సన్నంగా. అమ్మమ్మ రోజూ ఆ ఆంటీకే నెయ్యి వేసేస్తంది."

"ఆంటీ నిన్ను తిట్టిందా?"

"లేదు. చూస్తా ఉంటాది."

మాట్లాడుతూనే భవాని వీధి దాటింది. మాట్లాడుతూనే గుమ్మంలోకి వచ్చింది. శిరీష చెవిలో గొంతు వింది, ఎదురుగా పెదాలు కదలడం చూసింది. సెల్లు చెవి నుంచి తీసి దాన్ని చూసింది. గోడ మీద ఫోటో చూసింది. గుమ్మంలో మనిషిని చూసింది. అచ్చాయమ్మ ముందుకు వంగింది, పిల్ల ఇప్పుడు దడుచుకుంటుందేమో, జ్వరం వస్తుందేమోనని. జ్వరం రాలేదు. శిరీష మెల్లగా వెళ్ళి తల్లి పెదాల మీద వేలు పెట్టి చూసింది.

"మళ్ళీ అను" అంది.

భవాని ఆ వేలు పట్టుకుంది. "శిరీషమ్మా" అంది.

తరవాతి తొమ్మిది రోజులూ ఆ పిల్ల తల్లి కొంగు వదల్లేదు. అచ్చాయమ్మ వండిందే వండి, వడ్డించిందే వడ్డించింది. లోవరాజు లారీ ఎక్కలేదు. పన్నెండో రోజు తెల్లవారి హైదరాబాదు వెళ్ళే వ్యాను గుమ్మం ముందు ఆగింది. వ్యాను కదిలాక శిరీష అమ్మమ్మ చెయ్యి విదిలించుకుని, "అమ్మా" అని అరుస్తూ వీధి చివరిదాకా పరిగెత్తింది. మూడేళ్ళలో అది తల్లి కోసం ఏడవడం అదే మొదలు.

డ్రైవరు అద్దంలో చూసి వేగం తగ్గించాడు. "ఎవరండీ ఆ పాప, అంతలా ఏడుస్తంది?"

"మా అమ్మాయేనండి. నా కోసమే" అంది భవాని, కళ్ళు తుడుచుకుంటూ, కొంచెం గొప్పగా.