ఊళ్ళోకెక్కిన టగ్గు

ఆ ఉదయం సరంగుగారికి రెండే పనులు. పెద్ద ఓడల్ని రేవులోకి లాగే తన టగ్గులోంచి తెర మసకేసిన పెట్టెను తీసి రిపేరుకివ్వడం ఒకటి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడం రెండోది. ఈ రెండోది భార్యకు కూడా చెప్పలేదు. నెలరోజులుగా దూరపు ఓడలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. కళ్ళు పోతే ఉద్యోగం పోతుంది. పాతికేళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలంటే ఆయనకు నిజంగానే భయమేసింది.

ఆ పెట్టె మామూలుది కాదు. నేను ఫలానా పడవను, ఫలానా చోట ఉన్నానని చుట్టుపక్కల ఓడలకూ రేవు కంట్రోల్ రూముకూ నిమిషనిమిషానికీ చాటుతుంది. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కాపాడేది అదే. "బ్యాటరీ, యాంటెన్నా ఏదీ పీకకుండా పట్రండి" అన్నాడు మెకానిక్కు. సరంగుగారు అలాగే కారు వెనక సీట్లో పెట్టారు. ఏనాడూ ఆపకూడదన్న పెట్టె కాబట్టి ఆపలేదు. ముందు డాక్టరు పని చూసుకుందామని బయల్దేరారు.

కంట్రోల్ రూములో ఆఫీసరుకు చెమటలు పట్టాయి. తెర మీద టగ్గు రేవు గోడ దాటి మార్కెట్లోకి దూరింది. గంటకు నలభై కిలోమీటర్లు! సముద్రంలో అది పాతిక దాటిన పాపాన పోలేదు. రేడియోలో పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆయన ఫైరింజన్ను, ప్రాణరక్షక దళాన్ని పంపి, సరంగుగారింటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీవారి టగ్గు కూరల మార్కెట్లో ఉంది."

"కూరలు తెమ్మని నేను చెప్పలేదే" అందావిడ.

"ఇప్పుడు కంటాసుపత్రి దగ్గర ఆగిందమ్మా."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. చెప్పులేసుకుని బయల్దేరింది.

సరంగుగారు అక్షరాల పట్టికలో మూడో వరుస కూడబలుక్కుంటుండగా లైఫ్‌జాకెట్లు తొడుక్కున్న ఆరుగురు లోపలికొచ్చారు. వెనకే ఆఫీసరు, ఆ వెనక భార్య.

"టగ్గేదండీ?" అన్నాడు ఆఫీసరు.

"మీ కిటికీ కిందే కట్టేసుంది కదండీ. నా కారులో ఉన్నది పెట్టె."

భార్య వచ్చి సరంగుగారి పక్కన కూర్చుంది.

"నాతో చెబితే నేనే తీసుకొచ్చేదాన్ని కదండీ."

"ఉద్యోగం పోతుందని భయమేసిందే" అన్నారాయన.

"శుక్లం తీయించుకుంటే చూపు తేటపడుతుంది. ఉద్యోగానికేం ఢోకా లేదు" అని డాక్టరు ఆఫీసరు వైపు తిరిగాడు. "కిటికీ కింద అంత టగ్గు కనబడలేదా మీకు? ఇలా వచ్చి కూర్చోండి."

ఆఫీసరు మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు.

సాయంత్రం కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ ఆయన రేవు పుస్తకంలో రాశాడు: "టగ్గు క్షేమం. ఉదయం నుంచీ కదల్లేదు."