పరుపుల వెనక పాటల పెట్టె

ఆ ఆదివారం ఉదయానికి పరుపుల షావుకారు వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. కాఫీ వేళకి మామగారు వస్తారు. ఆయన పాడిన పాటలు ఆయనకే వినిపించాలి. ఆయన కళ్లు చెమర్చాలి. ఆ తడి ఆరకముందే షెడ్డు తాళంచెవి చేతులు మారాలి.

షెడ్డు సంగతి తేలితే గాని షావుకారు సంసారం తేలదు. గోదాము పైకప్పు కారడం మొదలైన దగ్గర్నుంచీ సరుకంతా ఇంట్లోనే ఉంది. వెనక గది నిండా స్ప్రింగు పరుపులు, హాల్లో సగం ఫోమ్ పరుపులు, వంటింటి గుమ్మం దాకా దూది పరుపులు. నడవాలో మొగుడూ పెళ్లాం ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. "ఈ కొంపలో పడుకోడానికి తప్ప నిలబడ్డానికి చోటు లేదు. వానలు పడేలోపు పరుపులైనా పోవాలి, నేనైనా పోవాలి" అని భార్య గడువు పెట్టింది. షావుకారు రెండు వైపులా బేరీజు వేసుకుని, పరుపులు పంపడమే చవక అని తేల్చుకున్నాడు.

మామగారికి పెద్ద రోడ్డు పక్కన ఖాళీ షెడ్డు ఉంది. చిక్కేమిటంటే ఆయనకి ఇంకో అల్లుడు కూడా ఉన్నాడు. వదినగారి భర్త, కుర్చీల వ్యాపారి. సరిగ్గా పై అంతస్తులోనే కాపురం. ఆ తోడల్లుడి కన్నూ షెడ్డు మీదే.

మామగారు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రైలు ఎంత ఆలస్యమైనా ఆయన చెబితే వినాలనిపించేదట. ఆ మాట ఎవరో మొహమాటానికి అన్నారు. ఆయన దాన్ని మనసులో పెట్టుకుని, రిటైరవగానే సొంతంగా పాటలు కట్టి, సొంతంగా పాడి, క్యాసెట్లు నింపేశాడు. పెద్దల్లుడు చెవిపోటు సాకు చెప్పి తప్పుకున్నాడు. చిన్నల్లుడైన షావుకారు మాత్రం పెట్టుబడి లేని వ్యాపారం కదా అని అన్నీ పుచ్చుకుని, కంప్యూటర్లు తెలిసిన వాళ్ల చేత పాటల పెట్టెలోకి ఎక్కించాడు. చెప్పుల డబ్బా అంత ఉంటుందది. సర్వర్ అంటారు. ఫోనులో నొక్కితే అందులోని పాట హాల్లో స్పీకరులో వస్తుంది. "రోజూ మీ పాటతోనే నిద్రలేస్తున్నాం మామగారూ" అని కూడా చెప్పి ఉంచాడు. నిజానికి మొదటి పాట కూడా చివరిదాకా వినలేదు. పాటకి ముందు మామగారి ప్రకటన ఒకటి ఉంటుంది: "శ్రోతలకు మనవి. తర్వాతి పాట మరికొద్ది సేపట్లో." అక్కడితోనే ఆపేశాడు.

ఇవాళ ఎందుకైనా మంచిదని ఒకసారి సరిచూసుకుందామని ఫోను తీశాడు. తెర మీద ఏదో అడుగుతోంది. కొత్త అప్‌డేట్ వచ్చిందట, వేసుకుంటారా అని. కింద 'ఉచితం' అని ఉంది.

ఉచితం అన్న మాట కనబడ్డాక షావుకారు వేలు ఆగిన సందర్భం అతని జీవితంలో లేదు. నొక్కాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, 'సర్వర్ కనబడలేదు' అంది.

"ఏమే, పెట్టె కనబట్లేదంటోంది!"

"కనబడక ఎక్కడికి పోతుంది? గుయ్యిమంటోందని మీరేగా వెనక గదిలో పరుపుల వెనక పారేసింది" అంది భార్య వంటింట్లోంచి.

షావుకారు బావమరిదికి ఫోను చేశాడు. అతనికి కంప్యూటర్ల కంపెనీలో ఫోనెత్తి జనాన్ని ఓదార్చే ఉద్యోగం. ఇంట్లో వాళ్లతో కూడా ఆఫీసు గొంతుతోనే మాట్లాడతాడు.

"మీ ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలను బావా."

"నా ఇబ్బందే నీకర్థమైతే ఆ షెడ్డు నువ్వే ఇప్పించేవాడివి. ముందు పెట్టె సంగతి చూడు. మీ నాన్న దారిలో ఉన్నాడు."

"ప్లగ్గు గోడకుందా?"

"గోడే కనబట్లేదురా."

"అయితే దయచేసి పెట్టె దగ్గరికి వెళ్లండి. స్విచ్చి ఆపి, కాసేపాగి, మళ్లీ వెయ్యండి. నేను లైన్లోనే ఉంటాను."

స్ప్రింగు పరుపు ఒంటరి మనిషి మాట వినదు. ఒక కొస పట్టుకుంటే రెండో కొస మొహం మీదికి వస్తుంది. షావుకారు కుస్తీ పట్టి ఒక్కోటీ లాగి హాల్లోకి తోశాడు. హాల్లో చోటు చాలక కొన్ని వీధి గుమ్మానికి అడ్డం పడ్డాయి. చివరికి నేల మీద పాకుతూ వెళ్లి స్విచ్చి ఆపి వేశాడు. పెట్టెకి పచ్చదీపం వెలిగింది. ఫోనులో మాత్రం అదే మాట: కనబడలేదు.

"మళ్లీ ఆపి వెయ్యండి" అన్నాడు బావమరిది.

"ఏవండీ, పైన ఏదో చప్పుడు" అంది భార్య.

"ఆదివారం కూడా కుర్చీలు ఈడుస్తున్నాడు మీ బావ. ఆశ ఉండాలి గాని మరీ అంతా?" అని విసుక్కుని షావుకారు మళ్లీ స్విచ్చి ఆపి వేశాడు. ఆ ఇంట్లో చప్పుడు వినబడటమే గగనం. ఎటు చూసినా పరుపులే కాబట్టి, పక్కనే పళ్లెం పడినా పువ్వు రాలినట్టు ఉంటుంది.

అంతలో వదినగారు తడి జుట్టుతో మెట్లు దిగి, గుమ్మంలోని పరుపులెక్కి దొర్లుకుంటూ లోపలికి వచ్చి పడింది.

"చెల్లీ! నాన్న గొంతు వినబడిందే మా ఇంట్లో. మనిషి లేడు. నేను తల తుడుచుకుంటుంటే 'శ్రోతలకు మనవి' అన్నాడు. నేను 'నాన్నా' అన్నాను. ఠక్కున ఆగిపోయాడు. మళ్లీ కాసేపటికి 'శ్రోతలకు మనవి' అన్నాడు!"

భార్య వెంటనే తండ్రికి ఫోను చేసింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెడలు పట్టుకుని ఏడుపు అందుకున్నారు. షావుకారుకి కూడా గుండె గుభేలుమంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో! దుఃఖానిదేముంది, రేపైనా వస్తుంది. తాళంచెవి రేపు దొరకదు.

ఫోనులో బావమరిది గొంతు మారింది. "ఎవరు బావా ఏడుస్తోంది?"

"మీ అక్కలు."

"ఎందుకు?"

"మీ నాన్న గొంతొకటే తిరుగుతోందట. మనిషి కనబట్లేదట."

"అమ్మో, నాన్నా!" అంటూ అతనూ ఆఫీసు గొంతు వదిలేసి అసలు గొంతుతో ఏడవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో పరుపుల మీదుగా ఒక చేతిసంచీ వచ్చి పడింది. దాని వెనకే ఒక కాలు, ఆ కాలు వెనకే మామగారు దిగారు.

"ఏంట్రా ఇది? గుమ్మానికి పరుపు కట్టుకున్నారేంటి? దొంగలొస్తే పడుకుని పోతారనా?"

కూతుళ్లిద్దరూ ఆయన్ని వాటేసుకుని బావురుమన్నారు. ఆయన మురిసిపోయాడు. "పిచ్చి తల్లుల్లారా, మొన్ననేగా వచ్చి వెళ్లాను! ఇంత బెంగ పెట్టుకుంటే ఎలా? ఫోనా? నా పాట మధ్యలో మోగితే పాపమని పొద్దుటే ఆపేశాను. ఏం అల్లుడూ, మొదలుపెడదామా?"

మామగారు స్ప్రింగు పరుపుల దొంతి మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి కాస్త పైకి లేచి మళ్లీ కూర్చున్నారు. జేబు మీద చెయ్యి వేసి సర్దుకున్నారు. అందులో తాళంచెవి గలగలమంది.

"ఒక్క క్షణం మామగారూ. పెట్టెని తయారుచేసి వస్తా" అంటూ షావుకారు వెనక గదిలోకి పాకాడు. ఫోను చెవిలో పెట్టుకుని గుసగుసలాడాడు. "మీ నాన్న బతికే ఉన్నాడు, ఏడుపాపి దారి చెప్పు."

"ఓపిగ్గా వేచి ఉన్నందుకు ధన్యవాదాలు బావా. మళ్లీ ఒకసారి ఆపి వెయ్యండి."

ఆపి వేశాడు. ఈసారి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీదుగా పై నుంచి గంభీరమైన గొంతు దిగివచ్చింది. "శ్రోతలకు మనవి. తర్వాతి పాట మరికొద్ది సేపట్లో."

మామగారు లేచి నిలబడ్డారు. ఆయన మొహంలో స్టేషన్‌లోకి సరైన వేళకి రైలొచ్చిన కళ వచ్చింది. పరుపులు దాటి మెట్లెక్కారు. కూతుళ్లు వెంట నడిచారు. షావుకారు పాక్కుంటూ బయటికి వచ్చేసరికి హాల్లో పరుపులే మిగిలాయి.

పైన తోడల్లుడు పొద్దుటినుంచీ నరకం చూస్తున్నాడు. పదిమంది చూసి మెచ్చుకోవాలని ఈ మధ్యే గదికొకటి చొప్పున పైకప్పులో స్పీకర్లు బిగించుకున్నాడు. ఇవాళ అవి అన్నీ కలిసి మామగారై కూర్చున్నాయి. మీటలు నొక్కితే వినవు. ఆగినట్టే ఆగి మళ్లీ మొదటికొస్తాయి. చివరికి కుర్చీ ఎక్కి, రెండు చేతులూ పైకి చాపి, స్పీకరు తీగ పీకేద్దామని వేలు తగిలించాడో లేదో, గుమ్మంలో మామగారు కనబడ్డారు.

తన పాట మోగుతుంటే కుర్చీ ఎక్కి, చేతులు పైకెత్తి, చెమటలు కక్కుతూ నిలబడ్డ పెద్దల్లుణ్ణి మామగారు కళ్లారా చూశారు.

"దిగకు నాయనా, దిగకు. నా పాటకి లేచి నిలబడ్డ వాళ్లే లేరు ఇన్నాళ్లూ. కుర్చీ ఎక్కి నిలబడ్డావు నువ్వు!" అన్నారు. కళ్లు తుడుచుకుని జేబులోంచి తాళంచెవి తీశారు. "చెవిపోటుతో కూడా ప్రతి గదిలోనూ వింటున్నావే! ఇంద, షెడ్డు నీది. ఇంకో మాట. ఇలాంటి ఇల్లు వదిలి నేనెక్కడికీ వెళ్లను. నా పరుపూ మంచం ఇక్కడే వేయించు."

తోడల్లుడు కుర్చీ మీద నుంచే తాళంచెవి అందుకున్నాడు. మొహం వెలిగింది. తర్వాతి పాట మొదలవగానే ఆరింది.

షావుకారు మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. ఇంటికి వచ్చి ఫోమ్ పరుపు మీద బోర్లా పడ్డాడు. భార్య అటక మీది సూట్‌కేసు దింపి దుమ్ము దులపడం మొదలుపెట్టింది. ఆ దులుపుడు షావుకారు వీపుకి తగులుతూనే ఉంది.

బావమరిది మాత్రం ఇంకా లైన్లోనే ఉన్నాడు. "బావా, ఎప్పుడైనా వేరేవాళ్ల వైఫై వాడారా ఆ పెట్టెకి?"

షావుకారు ఆలోచించాడు. తన కనెక్షన్ చెడిపోయినప్పుడు వదినగారిని అడిగి పైవాళ్లది తగిలించుకున్నాడు. రెండ్రోజులన్నాడు. ఉచితం కదా అని ఏడాది వాడాడు.

"అదే బావా! అప్‌డేట్ దెబ్బకి దానికి మతిపోయి పాత ఇంటికి వెళ్లిపోయింది. ఆపి వేసినప్పుడల్లా ఆ ఇంట్లో స్పీకర్లన్నిట్లో మొదటి పాట అందుకుంటోంది. చిన్న పని. ఫోనులో నేను చెప్పినచోట ఒక్కసారి నొక్కితే తిరిగొచ్చేస్తుంది. నొక్కుతారా?"

షావుకారు వేలు తెర దాకా వెళ్లి ఆగింది. జీవితంలో మొదటిసారి.

"వద్దు" అన్నాడు లేచి కూర్చుంటూ. "సరుకు గిరాకీ ఇంటికి చేరింది. కాస్త వాడనీ."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా పైన పాట ఆగలేదు. సాయంత్రం కాఫీ కలిపేసరికి తోడల్లుడు కిందికి వచ్చాడు. చెవుల్లో దూది. చేతిలో తాళంచెవి.

"తమ్ముడూ, ఆ పెట్టె నీదేనటగా?"

"ఏ పెట్టె అన్నయ్యా?"

"నాటకాలొద్దు. మీ వదిన చెప్పింది. ఎప్పుడాపుతావ్?"

"ఎందుకాపడం? మామగారు పరవశించిపోతున్నారుగా. నువ్వూ కుర్చీ ఎక్కావటగా."

"ఒరేయ్, ఆయన ప్రతి పాటకీ నాచేత తాళం వేయిస్తున్నాడురా! స్పీకరు మీద చెయ్యేస్తే ఇంకాస్త పెంచు నాయనా అంటున్నాడు. నీకో దండం. ఈ చెవి నువ్వు తీసుకో. కుర్చీలు వానకి తడిసినా ఆరతాయి, పరుపులు కుళ్లిపోతాయి, తమ్ముడికే ఇద్దామని ఆయనతో చెప్పేశాను. ఎంత పెద్ద మనసు నాయనా అని మళ్లీ ఏడ్చాడు. తీసుకుని ఆ గోల ఆపు."

షావుకారు వెంటనే చెయ్యి చాపలేదు. చాపితే బేరం కాదు. "షెడ్డు చాలా దూరం అన్నయ్యా" అన్నాడు నీరసంగా.

"నా వ్యాను వాడుకో!"

"మోసే మనుషులు కూడా..."

"నేనే మోస్తాను!"

తాళంచెవి చేతులు మారింది. షావుకారు ఫోనెత్తి బావమరిది చెప్పినచోట నొక్కాడు. పైన పాట గుటుక్కుమంది. ఇల్లంతా నిశ్శబ్దం. తోడల్లుడు చెవుల్లో దూది తీసి, ఆ నిశ్శబ్దాన్ని రెండు చెవులా విన్నాడు. భార్య సూట్‌కేసు మళ్లీ అటక మీదికి ఎక్కించింది. షావుకారు తాళంచెవి రొమ్ము జేబులో వేసుకుని పైనుంచి ఒకసారి తట్టాడు. ఖర్చు లేకుండా షెడ్డు, వ్యాను, కూలీ. మామగారు మాత్రం పైవాళ్ల పద్దు.

సొంతింటికి చేరిన పాటల పెట్టె గుక్క తిప్పుకుంది. హాల్లో పరుపుల మధ్య ఎక్కడో ఇరుక్కున్న స్పీకరు గొంతు సవరించుకుంది.

"శ్రోతలకు మనవి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. గుమ్మంలో పరుపుల మీదుగా ఒక చేతిసంచీ వచ్చి పడింది.

"పాట కిందికొచ్చేసిందే!" అన్నారు మామగారు దాని వెనకే దిగుతూ. "పైన ఒక్కసారిగా మూగబోతే భయపడ్డాను. అమ్మాయి చెప్పింది, పాటలన్నీ ఉండేది ఇక్కడేనట. పాటలుండే చోటే నేనూను. రేపు ఈ పరుపులన్నీ షెడ్డుకి పోతాయిగా అల్లుడూ, వెనక గది ఖాళీ అయిపోతుంది. గాలీ వెలుతురూ బాగుంటుంది."

తోడల్లుడు అప్పుడే ఒక పరుపు ఎత్తి భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వ్యాను దగ్గరికి నడిచాడు.

మర్నాడు వాన మొదలయ్యే వేళకి పరుపులన్నీ షెడ్డుకి చేరాయి, వెనక గదిలో పరిచిన ఒక్కటి తప్ప.