మృదంగంలో తరుగు

పొగడ్తను తూచే తక్కెడను ఈ భూమ్మీద ఇంతవరకు ఎవడూ చేయలేదు. ఎంత వేసినా పుచ్చుకునేవాడికి తక్కువే! వేసేవాడికి మాత్రం చెయ్యి నొప్పి!

ఇది తిరుత్తణి బెల్లం వ్యాపారి ఆదికేశవులు సిద్ధాంతం. ఎనభై మూడో సంవత్సరం తమిళుల ఆడినెల మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇవి: సర్కారు ముద్ర పడని కొత్త తక్కెడ ఒకటి, మద్రాసు బర్మాబజారులో కొన్న జపాన్ స్టీరియో సెట్టు ఒకటి, ఆడికృత్తికకు పన్నెండు రోజుల గడువు. ఆ పండగకు కావళ్ళెత్తుకుని వచ్చే జనం కొండ దిగి బెల్లం కొనకుండా ఇల్లు చేరరు. ముద్ర లేని తక్కెడతో అమ్మితే కొట్టుకు తాళం. ఆ తాళం తూనికల ఇన్‌స్పెక్టరు సుందరరాజులు చేతిలో ఉంది. ఆదితాళం కూడా ఆయన చేతిలోనే ఉంది.

ఎందుకంటే ఆయనకు మృదంగం వచ్చు. వచ్చని ఆయన నమ్మకం. తిరువళ్ళూరులో ఎవరి పెళ్ళిలోనో వాయించిన కచేరీని క్యాసెట్టులో పట్టించి, ముద్రవేసే సుత్తితోపాటు ఒకే సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఏ కొట్టుకు వెళ్ళినా ముందు క్యాసెట్టు, తరువాత ముద్ర. వ్యాపారుల దగ్గర ఉన్నవి గుప్పెడంత టేపురికార్డర్లు. వాటి గరగరకే కళ్ళు మూసుకుని, తలలూపి, ముద్రలు వేయించుకునేవారు.

ఆదికేశవులు అంతటితో ఊరుకుంటాడా?

"మా ఇంట్లో రెండు పెట్టెల సెట్టు ఉండాది సార్. ఒక్కో పెట్టె బెల్లం బుట్టంత!" అని ఇంటికే పిలిచాడు.

ఆ పెట్టెలు అమర్చడంలో భార్య వనజాక్షి మాటే చెల్లింది. "గర్భగుడికి అటూ ఇటూ ద్వారపాలకులు ఎట్లుంటారు? ఒకడి చెయ్యి ఇటు, ఇంకోడి చెయ్యి అటు. ఎర్రతీగలు రెండూ బయటపక్కకు రావాల, నల్లవి రెండూ లోపలపక్కకు. అప్పుడే లక్షణం" అంది.

"పెట్టెల వెనక ఎవరు చూస్తారే?"

"ఏడ్చేవాళ్ళు వెనకే చూస్తారు."

అలాగే బిగించాడు. చూడముచ్చటగా ఉంది!

ఆదివారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రెండు పెట్టెలకు సరిగ్గా నడుమ వేసిన టేకు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ప్యూను తిరుమలయ్య గుమ్మం పక్కన, ఒక పెట్టెకు చెవి ఆనేంత దగ్గరగా, నేలమీద చతికిలబడ్డాడు. క్యాసెట్టు తిరిగింది. ఆదికేశవులు ముందుజాగ్రత్తగా కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! ఏం దెబ్బ సార్! గుండెలో పడతా ఉండాది!"

"ఏ దెబ్బ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆదికేశవులు కళ్ళు తెరిచాడు. ఫిడేలు సన్నగా వినిపిస్తోంది. పెళ్ళివాళ్ళ దగ్గులు వినిపిస్తున్నాయి. మృదంగం ఉండవలసిన చోట మాత్రం ఎవరో చేటలో ఉలవలు చెరుగుతున్నారు!

"నా ఎడమచెయ్యి యాడయ్యా?"

"నాకు బాగా ఇనబడతా ఉండాదే సార్," అన్నాడు తిరుమలయ్య గుమ్మం దగ్గరనుంచి. "ధుమ్ ధుమ్మని, రొంబ బాగుండాది."

"ప్యూనుకు ఇనబడి ఆఫీసరుకు ఇనబడదా? ఏం ప్రొసీజరయ్యా ఇది!" ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "నా వాయింపులో నువ్వు తరుగు తీసినావు. మృదంగంలో తీసేవాడు బెల్లంలో తియ్యడా? క్యాసెట్టు సాక్ష్యంగా ఇక్కడే ఉంచుతా ఉండా. వచ్చే ఆదివారానికి మృదంగం పూర్తిగా రావాల. రాకుంటే తక్కెడ సీజు!"

మరునాడే ఆదికేశవులు రైలెక్కి తిరువళ్ళూరు పోయి, స్టేషను పక్కన రేడియోలు బాగుచేసే ఏసును వెంటబెట్టుకొచ్చాడు. ఏసు పెట్టెల ముందరి గుడ్డ ఊడదీశాడు. సెట్టునుంచి తీగలు విప్పి, వాటి కొసలను టార్చిలైటు బ్యాటరీకి తాకించాడు. ఒక పెట్టెలో అట్టగరాటు ముందుకు ఉబికింది. రెండో దానిలో వెనక్కి తగ్గింది.

"చూసినావా అన్నా? ఒకటి గాలిని నెడతా ఉంటే ఇంకోటి లాగేస్తా ఉండాది. నడుమ కూర్చున్నోడికి మోతకు మోత చెల్లు. ఒక పెట్టె పక్కన కూర్చున్నోడికి ఆ పెట్టె మోత మిగులుతాది."

"ఒకటి ముందుకు పోతే ఇంకోటి వెనక్కి... అది తక్కెడ లక్షణం గదప్పా!"

"తక్కెడకు ఉండాల, పెట్టెలకు ఉండకూడదు. పెట్టె వెనకుండే ఎర్ర మొలకు ఎర్రతీగ, నల్ల మొలకు నల్లతీగ. ఎవరు బిగించింది ఇది?"

భార్యాభర్తలిద్దరూ గోడగడియారం వైపు చూశారు.

ఏసు ఒక పెట్టె వెనక తీగలు రెండూ అటుదిటు మార్చాడు. ద్వారపాలకుడికి మెల్లకన్ను వచ్చిందని వనజాక్షి బాధపడింది. క్యాసెట్టు పెట్టారు.

మోత! అలమరలో గ్లాసులు కదిలాయి! ఆదికేశవులు ఆనందంతో వేళ్ళు ముడిచాడు. వ్యాపారి వేళ్ళు ఊరికే ఉండవు గదా, లెక్కపెట్టాయి. ఆదితాళానికి ఎనిమిది. ఇన్‌స్పెక్టరు ఏడున్నరకే ముగిస్తున్నాడు. మళ్ళీ ఏడున్నర. ఫిడేలు ఆయన వెంట పరుగెత్తలేక రొప్పుతోంది.

"ఏసూ, అర దెబ్బ తగ్గతా ఉండాదే!"

"సెట్టు సరిగా ఉండాది అన్నా. తరుగు మనిషిలో ఉండాది. దానికి నా దగ్గర స్పేరు లేదు."

"ఊళ్ళో తక్కెడలన్నీ పట్టేటోడి దగ్గరే ఇంత తరుగా!" వనజాక్షి బుగ్గ నొక్కుకుంది.

ఆదికేశవులు నిజాయితీగా కోపగించుకున్నాడు. ఎనిమిదికి ఏడున్నర ఇచ్చి ఎనిమిదని చెప్పడమా! ఛీ, ఇంత అన్యాయమా! కోపం దిగాక లెక్క చూసుకున్నాడు. తీగ ఇలాగే ఉంటే ఆయన తప్పు ఆయనకే వినబడుతుంది. మళ్ళీ పాత తీరుకు మారిస్తే మృదంగం వినబడదు, తక్కెడ సీజు. ఎటు తూచినా ముల్లు తనకేసే చూస్తోంది. ఆదివారం కూడా రమ్మని ఏసును బతిమాలుకున్నాడు.

ఆదివారం మొదటి చుట్టుకు ఇన్‌స్పెక్టరు చిరునవ్వు నవ్వాడు. రెండో చుట్టులో తొడమీద ఆయన చెయ్యి ఎనిమిది కొట్టేలోగా క్యాసెట్టు తరువాతి చుట్టులో పడింది. మూడో చుట్టుకు నుదుట చెమట.

"ఆపు. ఎవరయ్యా ఈ వాయించేది?"

గుమ్మం పక్కన తిరుమలయ్య తల ఎత్తాడు.

"తమరే సార్," అన్నాడు తిరుమలయ్య. "పోయిన వారం నేను విన్నది ఇదే!"

ఆదికేశవులు ముందుకు దూకాడు. "మిషను తప్పు సార్! రిపేరు చేస్తామని తీగ మార్చినాము. అప్పట్నుంచి మంచి చెయ్యి కూడా చెడ్డగా ఇనబడతా ఉండాది!"

ఇన్‌స్పెక్టరు ముఖానికి రక్తం తిరిగొచ్చింది. "అనుకుంటినే! టెక్నికల్ డిఫెక్టు! ఏమయ్యా మెకానిక్కూ, వెంటనే యథాస్థితికి తీసుకురా."

"సార్, ఇప్పుడే కరెక్టుగా..." అని ఏసు మొదలుపెట్టాడు. ఆదికేశవులు అతని కాలు తొక్కాడు. తీగలు మళ్ళీ మారాయి.

చేటలో ఉలవలు. ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"ఇదీ నా చెయ్యి! ఎడమచేతి మోత వింటివా?"

"వింటి సార్! గుండెలో పడింది!"

"తిరుమలయ్యా, నువ్వు బయట కూర్చో."

ఆ ఊపులోనే సుత్తి తీశాడు. పక్కనే సిద్ధంగా పెట్టిన తక్కెడ ఇనుపకాడమీద ఠంగున ముద్ర పడింది. గుండ్లు పెట్టి చూడలేదు, పళ్ళెం ఎత్తి చూడలేదు. "నీబోటి రసికుడి తక్కెడలో తప్పుంటుందా!" అన్నాడు.

ఎత్తి చూసి ఉంటే, సరుకు వేసే పళ్ళెం అడుగున ఆదికేశవులు కొన్ననాడే అంటించిన నిమ్మకాయంత చింతపండు కనబడేది.

ఆడికృత్తిక గడిచాక ఆదికేశవులు లెక్క తేల్చుకున్నాడు. ఆదితాళంలో ఆఫీసరు తీసిన తరుగు అర దెబ్బ. బెల్లంలో తాను తీసిన తరుగు తూకానికి యాభై గ్రాములు. ఆ అర దెబ్బ గాలిలో కలిసిపోయింది. ఈ యాభై గ్రాములు మాత్రం సర్కారు ముద్రతో, తూకం తూకానికీ, క్షేమంగా ఇల్లు చేరాయి.