నడిపించే మిషన్

పక్షవాతంతో పడిపోయిన వాళ్ళందరినీ వంద రోజుల్లో లేపి నడిపిస్తామని ఆరోగ్యమంత్రి ప్రకటించారు. ఏ చికిత్సకి కాళ్ళు త్వరగా వస్తాయో తేల్చడానికి పోటీ కూడా పెట్టారు. ఒక పక్క విదేశీ రోబో మిషన్, మరో పక్క ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపిస్టు. ఇంతటి శాస్త్రీయ దృష్టిని ఆ శాఖ అంతకుముందు ఎరగదు.

రోగులు ఫిజియోమ్మ అని పిలుచుకునే ఆవిడకి ఆ సాయంత్రమే ఆసుపత్రి డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"మిషన్ వచ్చేదాకా ఎవరికీ ఏమీ చేయించకమ్మా. రెండూ ఒకే రోజు మొదలవ్వాలి. పోలిక న్యాయంగా ఉండాలి."

"మొదటి మూడు నెలలే ముఖ్యం సార్. ఆలస్యమైతే కాలు బిగుసుకుపోతుంది."

"కాలు ఎక్కడికి పోతుందమ్మా? మిషన్ ఓడెక్కింది, వచ్చేస్తుంది."

ఆమె అలాగే సార్ అంది. రాత్రంతా ఉద్యోగం గురించి భయపడింది. పొద్దున్నే గది తలుపు దగ్గరగా వేసి, పోటీలో మిషన్ వంతుకి పేరు రాసిపెట్టిన బస్సు కండక్టర్ని కుర్చీలోంచి లేపింది. ఆయనకి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి నెలైంది.

"ఎడమ కాలి మీద బరువెయ్యండి. లేవండి. మళ్ళీ కూర్చోండి."

రోజుకి అరవై సార్లు.

"ముప్పై ఏళ్ళు నిలబడే బతికాను. ఇన్నాళ్ళకి సీటు దొరికితే కూర్చోనివ్వవేంటమ్మా?" అని ఆయన విసుక్కునేవాడు. ఏడో వారం గోడ పట్టుకుని ఒక్కడే బాత్రూమ్ దాకా వెళ్ళొచ్చి, మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మిషనూ మంత్రిగారూ ఒకే రోజు వచ్చారు. కండక్టర్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకురమ్మన్నారు. ఆయన మాత్రం మర్యాద కోసం నడిచే వచ్చి మంత్రిగారికి చెయ్యందించాడు. డైరెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు తొణకలేదు.

"చూశారా, మిషన్ గుమ్మంలోకి రాగానే లేచి నడిచాడు," అన్నారు కెమెరాల వైపు తిరిగి.

"అదింకా పెట్టెలోనే ఉంది సార్," అంది ఫిజియోమ్మ.

"అదేనమ్మా దాని గొప్ప."

నివేదికలో మిషన్‌కి నూటికి నూరు, మనిషికి సున్నా వచ్చాయి. ఆమె గదిని మిషన్‌కిచ్చి, ఆమెకి వరండాలో ఓ బల్ల వేశారు. రోగులు ఆ బల్ల చుట్టూ చేరారు.

రెండు నెలలకి మంత్రిగారి పీఏ ఆ బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మంత్రిగారి అమ్మగారికి కుడికాలు పడిపోయింది. కారు తెచ్చాను, రండి."

"మిషన్‌ని లారీలో పంపించమంటారా?"

పీఏ అటూ ఇటూ చూశాడు.

"వద్దమ్మా. ఆవిడ నడవాలి."