లేవలేనండీ!

ఆదివారం ఉదయం అల్‌ముట్ వేసిన పథకం చాలా చిన్నది. ఫ్లాస్కులో కాఫీ, చేపముక్కలు పెట్టిన రెండు రొట్టెలు, రెండు తువ్వాళ్ళు తీసుకుని ఉత్తరాన సముద్రంలో ఉన్న ఊజెడోమ్ దీవికి వెళ్ళడం, బట్టలు విప్పి సముద్రపు గాలికి కాసేపు పడుకోవడం, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరడం. అక్కడ ఒక తీరంలో బట్టల్లేకుండానే ఉండాలన్నది నియమం. ఆమె పుట్టింది ఆ ఒడ్డునే. ఆ ఇసుకలో బట్టలు లేకుండా తిరగడం ఆమెకు ఇంట్లో చెప్పులు లేకుండా తిరగడం లాంటిది. వాళ్ళమ్మ, అమ్మమ్మ కూడా అక్కడ అలాగే ఈదారు.

ఆమె భర్త ఫాల్కో నేరింగ్ మాత్రం దక్షిణాన కొండల్లో, స్నానాల గదికి కూడా గడియ సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకునే ఇంట్లో పెరిగాడు. పైగా పోయిన ఏడాది ఆపరేషన్ అయ్యాక రొమ్ము కింద మొదలై బొడ్డు దాటేదాకా ఒక మచ్చ మిగిలింది. అప్పటి నుంచి చొక్కా మార్చుకోవాలన్నా తలుపు వేసుకుంటున్నాడు. కట్టుకున్న భార్య కూడా ఆ మచ్చను పగటి వెలుతురులో చూడలేదు. అల్‌ముట్ బాధంతా అదే.

"నీ ఒళ్ళు నీకు మళ్ళీ అలవాటవ్వాలి, అంతే. అక్కడ ఎవరూ ఎవర్నీ చూడరు," అంది ఆమె కారులో.

"ఎందుకు చూడరు? ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు అమ్మింది నేనే!"

తీరం చేరగానే ఆమె గౌను విప్పి మడతపెట్టి, "నీకు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడే విప్పు, తొందరేం లేదు," అని నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఫాల్కో చొక్కా, లాగూతో గాలికి అడ్డంగా కట్టిన గుడ్డ తెర వెనక ముడుచుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఒక ముసలావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ఒంటి మీద నూలుపోగు లేదు గానీ, ముక్కు మీద ఫాల్కో అమ్మిన కళ్ళజోడు ఉంది. ఆయన ముందు కళ్ళజోడునే గుర్తుపట్టాడు. శ్రీమతి త్సీమర్!

"ఏమయ్యా, బట్టలవాళ్ళ తీరం అటు పక్క. ఇలా నిండా కప్పుకుని కూర్చుని చూస్తుంటే మాకు సిగ్గుగా ఉండదూ?" అంటూ ఆమె దగ్గరకు వంగింది. "అరె, నేరింగ్ గారా!"

"విప్పేస్తున్నానండీ, మీరు పదండి," అన్నాడాయన చచ్చేంత సిగ్గుతో.

ఆమె అటు తిరగగానే గబగబా గొయ్యి తవ్వాడు. బట్టలు విప్పి అందులోకి దిగి కూర్చుని, చంకల దాకా ఇసుక లాక్కున్నాడు. మచ్చ కనబడదు, మరేదీ కనబడదు. తీరం నియమం కూడా తప్పినట్టు కాదు. ఏడాదిలో మొదటిసారి ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో త్సీమర్ మళ్ళీ వచ్చింది. "ఈ కళ్ళజోడు కాడ వదులైందయ్యా, జారిపోతోంది. కాస్త లేచి చూద్దురూ."

"లేవలేనండీ."

"లేవలేరా! ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ అయినప్పట్నుంచి," అన్నాడు ఫాల్కో. పాపం, నిజమే చెప్పాడు.

ఆమె పెట్టిన కేకకు తీరమంతా లేచి వచ్చింది. నగ్నంగా ఉన్న ఇరవై ముప్ఫై మంది ఆయన చుట్టూ వలయం కట్టారు. తీరం కాపలా అతను పరుగున వచ్చి, "కాళ్ళు కదులుతున్నాయా?" అని అడిగాడు. ఫాల్కో ప్రయత్నించాడు. అడుగున తడి ఇసుక బిగుసుకుపోయింది. "కదలట్లేదు," అన్నాడు, ఈసారి నిజంగానే భయపడి.

కాపలా అతను ఫోన్ చేయగానే అగ్నిమాపక దళం పారలతో, స్ట్రెచర్‌తో దిగింది. సరిగ్గా అప్పుడే అల్‌ముట్ నీళ్ళోడుతూ ఒడ్డుకొచ్చి గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"అయ్యో, ఫాల్కో! ఏమైంది?"

"నువ్వేనా ఆయన భార్యవి?" త్సీమర్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "కాళ్ళు పడిపోయిన మనిషిని ఇసుకలో పాతేసి ఈతకెళ్తావా? మీ అమ్మ నాకు తెలుసు. ఆవిడ కడుపున పుట్టి ఇదేం పనే!"

"నేను పాతలేదండీ! ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి!"

"చూశారా, ఎలా బుకాయిస్తోందో!" అన్నారెవరో వెనక నుంచి.

దళం నాయకుడు ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టాడు. అతని మనుషులు నలుగురూ కలిసి లాగారు. ఫాల్కో గొయ్యిలోంచి ముల్లంగిలా ఊడి వచ్చి, తీరం మొత్తం ముందు తన రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. ఎక్కడా చిన్న గుడ్డ లేదు. మచ్చ ఎండలో మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఆయన భయపడిన క్షణం అదే. కానీ ఒక్కరూ మచ్చ వంక చూడలేదు. అందరూ కాళ్ళనే చూస్తున్నారు.

"నిలబడ్డావుగా!" అన్నాడు నాయకుడు కోపంగా. "మరి లేవలేనన్నావేం?"

"సిగ్గేసి అన్నానండీ. ఈ మచ్చ ఉంది కదా..."

"ఏ మచ్చ?" త్సీమర్ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. "ఓ, ఇదా! కుట్లు ముచ్చటగా వేశారే. ఎవరయ్యా డాక్టరు? సరేగానీ, ముందు నా కళ్ళజోడు కాడ సంగతి చూడు."

నాయకుడు ఆయన చేతికి పార ఇచ్చాడు. "ఎవరైనా పడితే కాలు విరుగుతుంది. గొయ్యి పూడ్చు."

ఫాల్కో పూడ్చాడు. చెమట పట్టింది, గాలి వీపును తాకింది. పక్కన నిలబడిన ఒక పెద్దాయన పార అందుకుంటూ, తన మోకాలి ఆపరేషన్ కథ ఎత్తుకున్నాడు. ఎవరో కాఫీ పోశారు. గొయ్యి నిండేసరికి ఫాల్కో సిగ్గుపడటం మరిచిపోయాడు. నేరుగా అలల్లోకి నడిచి, మునిగి లేచి, చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు భార్యకు వినిపించాలని వెనక్కి చూశాడు. ఆమె అక్కడ లేదు.

వెతగ్గా వెతగ్గా కారులో కనబడింది. గౌను మీద కోటు, తలకు గుడ్డ, నల్ల కళ్ళద్దాలు. సీటులో కిందికి జారి కూర్చుంది. ఫాల్కో ఒళ్ళంతా నీళ్ళు కారుతూ కిటికీ తట్టాడు.

"ఇక్కడున్నావేం? రా, నీళ్ళు భలే ఉన్నాయి!"

ఆమె కిటికీ వేలెడంత దించింది. ఆమె చూపు మొదటిసారి, పట్టపగలు, ఆ మచ్చ మీద కాసేపు ఆగింది. కళ్ళు చెమర్చాయి. అంతలో దూరంగా, మొగుణ్ణి ఇసుకలో పాతేసిన పెళ్ళాం కథ ఎవరికో చెబుతున్న త్సీమర్ గొంతు వినబడింది.

"దేవుడా," అంది అల్‌ముట్ ఇంకా కిందికి జారుతూ. "ముందు ఏదైనా కప్పుకో ఫాల్కో, మనవాళ్ళు చూస్తారు!"

పుట్టి బుద్ధెరిగాక ఆ తీరంలో ఆమె సిగ్గుపడటం అదే మొదలు, అదీ నిండా బట్టలు కట్టుకుని.