డిస్కు మారిందా అని అడగడం దండగ

కంప్యూటర్లలో పాతవాటిని పీకిపారేసే మహానుభావులకు నేను పాదాభివందనం చేస్తున్నాను. మీరూ చెయ్యండి. వాళ్ళే లేకపోతే మనం ఇంకా పనిచేస్తున్న సామాన్లతోనే కాలక్షేపం చేస్తూ ఉండేవాళ్ళం!

మొన్నీమధ్య ఒక ఆపరేటింగ్ సిస్టంలో, డిస్కుల వ్యవహారం చూసే విభాగంలోంచి కాల్‌బ్యాక్ అనే ఓ పాత ఏర్పాటుని తీసేశారు. అదేం చేసేదంటారా? డిస్కు తెరిచే ప్రతిసారీ సిస్టం ఆ డిస్కుని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాంని పిలిచి, "పాత డిస్కేనా, ఎవరైనా మార్చారా?" అని అడిగేది. డ్రైవర్ చూసి చెప్పేది. అంతే. దీనికోసం ఎంత టైం దండగో! గుమ్మంలోకి వచ్చిన మనిషిని "ఎవరండీ మీరు?" అని అడగడం మానేస్తే మనకెంత కలిసొస్తుందో ఆలోచించండి.

తీసేవాళ్ళు ఇష్టారాజ్యంగా తీసెయ్యలేదు సుమండీ. "దీన్ని ఎవరూ వాడటం లేదు, అభ్యంతరం ఉంటే రెండు వారాల్లో చెప్పండి" అని తమలో తాము ఈమెయిళ్ళు పంపుకునే మెయిలింగ్ లిస్టులో శుద్ధమైన ఇంగ్లీషులో నోటీసు పెట్టారు. కంకిపాడు నుంచి ఒక్కరూ కిక్కురుమనలేదు. అంటే ఒప్పుకున్నట్టేగా?

కంకిపాడులో కిక్కురుమనాల్సిన మనిషి ఆమోసు. సెంటర్లో ఫోటో స్టూడియో. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ శుభాశుభాలన్నీ వీడియో తీసి డిస్కుల్లో దాచాడు. ఆయన కంప్యూటర్‌కి తగిలించిన పాత డిస్కుల పెట్టె ఒకటి ఉంది. అందులో ఒక డిస్కు లాగి ఇంకోటి తోస్తాడు. పైగా పద్ధతి గల మనిషి. ఫైళ్ళకి పేర్లుండవు, నంబర్లే. ఒకటి వచ్చేవాళ్ళు, రెండు భోజనాలు, మూడు అసలు ఘట్టం. ఎవరి డిస్కయినా సరే, కళ్ళు మూసుకుని మూడోది తీసిస్తాడు.

అలాంటి ఆమోసుని, అప్‌డేట్ చెయ్యమంటారా అని స్క్రీను తొమ్మిదిసార్లు అడిగింది. అంతగా అడుగుతుంటే కాదనడం బాగుండదని సరేనన్నాడు. కృష్ణా జిల్లా మర్యాద!

ఆ వారమే అమలమ్మగారు స్టూడియోకి వచ్చారు. భర్త పాల్‌గారు పోయి ఏడాది. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక.

"క్రిస్మస్ ఆరాధనలో ఆయన పాడిన పాట నీ దగ్గరుందిగా, ఆమోసూ. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకి మాటే పోయింది. మనవరాలు దీవెన తాతయ్య గొంతు విననే లేదు. దానికి వినిపిద్దామని."

"అదెంత పనండీ" అన్నాడు ఆమోసు.

అప్పటికి పెట్టెలో వెంకటకృష్ణారావుగారి షష్టిపూర్తి డిస్కు ఉంది. దాన్ని లాగి పాల్‌గారి డిస్కు తోశాడు. పూర్వమైతే సిస్టం డ్రైవర్‌ని పిలిచి కనుక్కునేది. ఇప్పుడు నాగరికత పెరిగింది కదా, కనుక్కోలేదు. తన బుర్రలో అప్పటికే ఉన్న షష్టిపూర్తినే చూపించింది. ఆమోసు అలవాటుగా మూడో ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

ఆదివారం పాస్టరుగారు "ఇప్పుడు సహోదరుడు పాల్‌గారి స్వరం విందాం" అన్నారు. సంఘమంతా లేచి నిలబడింది. తెర మీంచి సన్నాయి మోగింది. వెంకటకృష్ణారావుగారు పట్టుపంచె కట్టుకుని, భార్య పద్మావతమ్మగారి మెడలో రెండోసారి తాళి కడుతున్నారు.

"తాతయ్యకి మీసాలున్నాయా?" అంది ముందు వరసలోంచి దీవెన.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. సన్నాయి ఆగేదాకా ఆమెన్ అనలేదు.

చూశారా ఎంత మేలు జరిగిందో? మతసామరస్యం కోసం ఎక్కడెక్కడో కమిటీలు వేస్తున్నారు, సభలు పెడుతున్నారు. ఇక్కడ ఒక్క కాల్‌బ్యాక్ తీసేస్తే పని జరిగిపోయింది!

సోమవారం బెజవాడ నుంచి కంప్యూటర్ మెకానిక్ సురేష్ వచ్చి మిషను ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. పాల్‌గారి పాట నిక్షేపంగా వచ్చింది. అప్పటికి కూడికకి వచ్చిన గుడివాడ చుట్టాలు బస్సెక్కేశారు, దీవెన వాళ్ళ నాన్నతో హైదరాబాద్ వెళ్ళిపోయింది. పాట విన్నది అమలమ్మగారొక్కరే.

ఆమోసు ఆదివారం నుంచి చర్చి వీధిలో తలెత్తుకుని నడవలేకపోతున్నాడు. సురేష్ చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించి ఆ లిస్టుకి పంపాడు. మర్నాడే జవాబు వచ్చింది. ఎంత సంస్కారవంతులో చూడండి: "మీ ఇబ్బందికి విచారిస్తున్నాం. కానీ ఇన్నాళ్ళలో దీని గురించి అడిగింది మీరొక్కరే. ఒక్కరి కోసం ఉంచలేం."

న్యాయంగానే ఉంది కదండీ. ఆమోసుకి మొహం చెల్లక, ఆ జవాబు పట్టుకుని అమలమ్మగారికి నచ్చజెప్పడానికి నేనే బయల్దేరాను. ప్రపంచం ముందుకు పోవాలంటే ఒకరిద్దరు సర్దుకోవాలండీ అన్నాను. మీ చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు చూడండి, వాళ్ళూ అలాగే అడిగారన్నాను.

"అది మేం కూర్చున్న చోట చదువుతారు బాబూ" అన్నారామె.

నాకు కాస్త చిరాకేసింది. జవాబు మళ్ళీ తీసి, ఆ "ఒక్కరే" అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించి, తెలుగులో వివరంగా చెప్పాను. ఒక్క మనిషి కోసం లోకమంతా ఆగుతుందా అని అడిగాను.

అమలమ్మగారు కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"నాకూ ఆయన ఒక్కరేగా బాబూ" అన్నారు.