ఒక్క గింజ తొక్కని జీపు

ఆ ఆదివారం పొద్దున్నే హంసలదీవిలో సముద్రస్నానం చేసి, భోజనాల వేళకు బందరు వచ్చేయాలన్నది ప్లాను. ఏ బండిలో వెళ్లాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

హెడ్‌క్లర్కు రామమూర్తికి సర్కారు వేలంలో కొన్న పాత జీపంటే ప్రాణం. అద్దాలు లేవు, పైకప్పు టార్పాలిను, గేరు మార్చితే వీధి వీధంతటికీ తెలుస్తుంది. బావమరిది రాంప్రసాద్ నెల కిందటే పెద్ద కొత్త బండి కొన్నాడు. వెండి రంగు, పిల్లికళ్ల లైట్లు, ఎక్కడానికి మెట్టు, వెనకాల తొడుగేసిన స్టెప్నీ.

"బావగారూ, మీది రేకుపెట్టెకి చక్రాలు బిగించినట్టుందండీ."

"నీది పెళ్లికొడుకులే! బురదలో దింపు, తెలుస్తుంది."

రామమూర్తి భార్య బాలాత్రిపురసుందరి అక్కడికక్కడే తీర్పు చెప్పింది. "రెండూ తీసుకెళ్దామండీ. తమ్ముడి బండి చెయ్యలేనిది మీ జీపు చేస్తే సరేసరి. లేదా, రేపే పాత ఇనుము కొట్టుకి తోలేస్తాను." చెప్పేసి వెళ్లి తమ్ముడి ఏసీలో కూర్చుంది.

కోడూరు దాటాక, రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మినుము మొక్కలు ఎండుకాయలతో సహా పరిచి ఉన్నాయి. ధాన్యం ఆరబోసినట్టే ఇవీ ఆరబెట్టారనుకున్నాడు రామమూర్తి. ఫైళ్లు తప్ప పొలం ఎరగని మనిషి. తినే తిండిని తొక్కడమా అని లెంపలేసుకుని జీపును పక్క చేలోకి దించాడు. పందెం మొదలైందనుకుని వెనకాలే రాంప్రసాదూ దించాడు.

ఆ చేలోకి రొయ్యల చెరువు నీళ్లు వదిలి రెండు రోజులైంది. పైన ఎండిన పొర, అడుగున నల్లరేగడి జిగురు. జీపు ఇరుసు దాకా, కొత్త బండి మెట్టు దాకా దిగిపోయాయి. రామమూర్తి ఫోర్‌వీల్ రాడ్డు లాగాడు. ఆ జీపుకు ముందుచక్రాలు లాగాలంటే ముందుగా దిగి, ఒక్కో చక్రం నడిమధ్యన ఉండే లాకు బిళ్లల్ని చేత్తో తిప్పాలి. అవిప్పుడు బురద కింద ఉన్నాయి.

ఇంతలో రైతు బుల్లెమ్మ చేతులూపుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క గింజ కూడా తొక్కలేదమ్మా!" అని ముందే అరిచాడు రామమూర్తి.

"అదే కదయ్యా నా ఏడుపు! బళ్లు తొక్కితేనే కాయలు రాలతాయని రోడ్డు మీద పరిస్తే, చేలో దిగి కూచున్నారేంటి?"

ఆమె భర్త బసవయ్య ఇనుప చక్రాల ట్రాక్టరు తెచ్చి రెండింటినీ బయటికి లాగాడు. బదులుగా చెరో పదిసార్లు తొక్కించమంది బుల్లెమ్మ. కొత్త బండి బంపరు నేలబారుగా ఉండి మొక్కల్ని కుప్పగా నెట్టుకుపోయింది. "పెయింటు పోతోందక్కా!" అంటూ రెండో చుట్టుకే రాంప్రసాద్ ఆపేశాడు. జీపు మాత్రం దర్జాగా అటూ ఇటూ నడిచింది. కాయలు చిటపటమన్నాయి. రామమూర్తి ఆనందం పట్టలేక ఇరవై చుట్లు కొట్టాడు.

"ఒప్పుకున్నానండీ, జీపే గెలిచింది" అంది బాలాత్రిపురసుందరి.

బసవయ్య చేతులు కట్టుకుని దగ్గరికొచ్చాడు. "అమ్మగారూ, ఈ బండి మాకిచ్చెయ్యండి. పాత ఇనుముకి మూడింతలిస్తాం. ఊరందరి మినుములూ తొక్కిస్తాం."

"తీసుకోండి" అందావిడ.

"గెలిచాను కదే!" అన్నాడు రామమూర్తి.

"గెలిచింది కాబట్టే అడిగారండీ. ఓడితే ఎవరడుగుతారు? పాత ఇనుము కొట్టుకి తోలనన్నాను, తోలట్లేదుగా!"

సర్కారు వేలంలో ఉద్యోగి పాడకూడదని అప్పట్లో జీపును ఆవిడ పేరునే కొన్నాడు. బానెట్టు మీద బురదను కండువాతో తుడిచి, కళ్లు కూడా దాంతోనే తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, గెలిచినవాడు కదా అని, కొత్త బండిలో ముందుసీటు రామమూర్తికే ఇచ్చారు.